గార్టర్ పాముకి ఏం పెట్టాలి: వానపామా, చేపా, ఎలుకా?

గార్టర్ పాముని తెచ్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ట్యాంకు గురించే. ఎన్ని గ్యాలన్లు, ఏ లైటు, ఏ హీట్‌ప్యాడ్ అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఇంట్లో ఫ్రిజ్‌లో ఏం పెట్టనిస్తారన్నది. పెట్ షాపుల్లో దొరికే పాముల్లో చాలావాటికి ఎలుక తప్ప గతి లేదు. గార్టర్‌కి మాత్రం మూడు దారులున్నాయి. అందుకే అమెరికాలో శాకాహారపు ఇళ్లలో పిల్లలు పాము కావాలని మారాం చేస్తే చివరికి బేరం తరచూ దీని దగ్గరే తెగుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒప్పుకుంటే ఎలుకే ప్రధానం, వానపాములు మధ్యమధ్యలో. ఎలుక పేరెత్తితేనే గొడవయ్యే ఇల్లయితే వానపాములు ప్రధానం, వాటి మీద కాల్షియం పొడి, వారానికోసారి సరైన రకం చేప. చేప ఒక్కదానితోనే నెట్టుకొస్తానంటే మాత్రం వద్దంటాను. ఎందుకో కింద వివరంగా చెబుతాను, ఎక్కువ పాములు దెబ్బతినేది అక్కడే.

ముందు పాము సంగతి

గార్టర్లంటే ఒక్క రకం కాదు, థామ్నోఫిస్ అనే ప్రజాతిలో ముప్పైకి పైగా జాతులు. కెనడా నుంచి కోస్టారికా దాకా ఉంటాయి. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ దగ్గర ప్రతి వసంతంలో సున్నపురాతి గుంతల్లోంచి వేలకు వేలు ఎర్రచారల గార్టర్లు ఒక్కసారిగా బయటికొస్తాయి, చూడ్డానికి జనం బస్సుల్లో వెళ్తారు. మసాచుసెట్స్‌కి ఇది రాష్ట్ర సరీసృపం. మన చెరువుగట్ల మీద, వరిమళ్లలో కనిపించే నీరుకట్టె దీనికి దగ్గరి చుట్టం. తడి అంచున తిరగడం, కప్పల మీద, చేపల మీద పడటం, పట్టుకుంటే కంపు వదలడం, అన్నీ ఆ వంశపు లక్షణాలే. అలాగని ఊరెళ్లినప్పుడు నీరుకట్టెని డబ్బాలో పెట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం నేరం.

అమెరికాలోనూ రాష్ట్రాన్ని బట్టి రూలు మారుతుంది. జార్జియాలో స్థానిక విషరహిత పాముల్ని పెంచుకోవడం నిషేధం, అట్లాంటాలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. హవాయిలో అసలు ఏ పామూ కుదరదు. శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ నీలం, ఎరుపు చారలతో ఎంత అందంగా ఉన్నా అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది, దాని జోలికి పోకూడదు. ఇక పెరట్లో దొరికిన పాముని పెరట్లోనే వదిలేయడం మేలు. అడవి పాముకి కడుపులో పురుగులుంటాయి, కొత్తచోట తిండి మానేస్తుంది. బ్రీడర్ దగ్గర పుట్టి పెరిగినదాన్నే కొనండి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఇప్పుడు ఏం తింటోంది?

ఆ జవాబు జాతిని బట్టి కూడా ఉంటుంది. ఈస్టర్న్ గార్టర్‌కి వానపామంటే ప్రాణం. టెక్సస్ వైపు దొరికే చెకర్డ్ గార్టర్, మధ్య రాష్ట్రాల ప్లెయిన్స్ గార్టర్ ఎలుకపిల్లకి తొందరగా అలవాటు పడతాయి. అదే కుటుంబంలోని రిబ్బన్ స్నేక్ సన్నగా, చురుగ్గా, ముచ్చటగా ఉంటుంది కానీ వానపాముని సాధారణంగా ముట్టదు. దానికి చేపలు, కప్పలు కావాలి. ఎలుకలకి చోటు లేని ఇంట్లో ఈస్టర్న్ తెచ్చుకుంటే సుఖం, రిబ్బన్ తెచ్చుకుంటే తిప్పలు. మొదటిసారి పెంచేవాళ్లకి రిబ్బన్ అసలు వద్దు.

గార్టర్ కాకుండా కార్న్ స్నేక్ ఎందుకు కాకూడదు అని కొందరు అడుగుతారు. కార్న్ స్నేక్ నిదానం, చేతిలో కుదురుగా ఉంటుంది, వారం పదిరోజులకోసారి ఒక ఎలుకతో సరిపెట్టుకుంటుంది. కానీ పగలంతా ఎక్కువగా దాక్కుంటుంది. గార్టర్ పగటి పాము. మనం మేలుకుని ఉన్నప్పుడే తిరుగుతుంది, గాజు దగ్గరకొచ్చి మనల్ని చూస్తుంది, మూత తీస్తే తిండేమోనని తల ఎత్తుతుంది. దానికి తగ్గట్టే అరుగుదల వేగం, రెట్ట ఎక్కువ, శుభ్రం చేసే పని ఎక్కువ. చేతిలో పెట్టుకుని టీవీ చూద్దామనుకునేవాళ్లకి కార్న్ స్నేక్. కూర్చుని గమనిద్దామనుకునేవాళ్లకి గార్టర్.

వానపాములు

గాలానికి గుచ్చే ఎర్రలే. అమెరికాలో వాల్‌మార్ట్‌లో, చేపల వేట సామాన్ల కొట్లలో చిన్న కప్పుల్లో నైట్‌క్రాలర్లనే వానపాముల్ని అమ్ముతారు. లావుగా, జానెడు పొడవు ఉండే కెనడియన్ నైట్‌క్రాలర్ మంచిది. ఫ్రిజ్‌లో ఆ కప్పుతోనే పెడితే వారాల తరబడి బతుకుతాయి. అత్తగారు చూస్తారనే భయముంటే కప్పుని ఒక మూతడబ్బాలో పెట్టి దాని మీద పేరు రాయండి, ఎవరూ పొరపాటున తెరవరు.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది రకం విషయంలో. కంపోస్టు కోసం అమ్మే రెడ్ విగ్లర్లు సన్నగా, ఎర్రగా, పసుపు వలయాలతో ఉంటాయి. మన దగ్గర వర్మీకంపోస్టు తొట్లలో వాడే రకాల్లో ఇదొకటి. నలిపితే పసుపురంగు కంపు ద్రవం వదులుతుంది. అందులో లైసెనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది కణాల పొరలకి తూట్లు పొడుస్తుంది. చాలా పాములు వాసన చూసి వదిలేస్తాయి, తిన్నవి కక్కేస్తాయి. కప్పు మీద రకం పేరు లేకపోతే కొనకండి. చేపలకి కనబడాలని ఆకుపచ్చ రంగు వేసిన ఎర్రలు కూడా అమ్ముతారు, అవీ వద్దు. పచ్చికకి మందులు కొట్టిన చోట తవ్వి తెచ్చినవి అంతకన్నా వద్దు.

పెట్టే పద్ధతి తేలికే. చల్లనీళ్లలో కడిగి మట్టి వదిలించి, పెద్ద పాముకైతే అలాగే, పిల్లకైతే కత్తెరతో అగ్గిపుల్ల తలంతేసి ముక్కలు చేసి ఒక సీసామూతలో పెట్టాలి. గార్టర్ చేసేది చూడ్డానికి బాగుంటుంది. ముందు నాలుక చకచకా ఆడుతుంది, కళ్లకన్నా ముందు వాసన పని చేస్తుంది. తర్వాత ఎర్రని నడుం దగ్గర పట్టేస్తుంది. అక్కడినుంచి దవడల్ని ఒక్కో పక్కా జరుపుకుంటూ కొస దాకా వెళ్లి, దాన్ని తిన్నగా చేసుకుని మింగుతుంది. ఎర్ర దాని మూతికి చుట్టుకుంటుంది, పాము తలని నేలకేసి రాస్తుంది. అంతా అయ్యాక పెదవుల మీద కాస్త మట్టి జిగురు మిగులుతుంది.

లోటేమిటంటే వానపాములో కాల్షియం తక్కువ. దానికి ఎముక లేదు కదా. ఇదొక్కటే పెట్టేటట్టయితే సరీసృపాల కోసం అమ్మే కాల్షియం పొడిని ఒకటి రెండు మేతలకోసారి చల్లాలి, అప్పుడప్పుడు విటమిన్ల పొడి కూడా. పొడి ఎక్కువైతే పాము ముట్టదు, చిటికెడు చాలు. ఇంకో లోటు, వానపాము త్వరగా అరిగిపోతుంది. పెద్ద పాముకి వారానికి రెండుసార్లు, పిల్లకి రెండు మూడు రోజులకోసారి పెట్టాలి. సెలవులకి ఇండియా వెళ్లే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మూడు నాలుగు వారాలు పక్కింటివాళ్లు వచ్చి ఎర్రలు కడిగి పెడతారా?

చేపలు

అడవిలో ఇవి చేపలు తింటాయి కాబట్టి ఇంట్లోనూ చేప పెడితే చాలనుకుంటారు. పెట్ షాపు కుర్రాడు కూడా ఫీడర్ ట్యాంకు, అంటే మేతకని అమ్మే చేపల తొట్టి చూపించి, డజను గోల్డ్‌ఫిష్ కట్టి ఇస్తాడు. అక్కడే మొదలవుతుంది సమస్య.

కొన్ని చేపల ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది థయామిన్‌ని, అంటే బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. ఒకటీ అరా తింటే ఏమీ కాదు. నెలల తరబడి అవే తింటే పాము ఒంట్లో బి1 ఖాళీ అవుతుంది, నరాలు దెబ్బతింటాయి. తల ఒక పక్కకి వాలుతుంది, గురి తప్పుతుంది, వెల్లకిలా పడితే తిరిగి బోర్లా తిరగలేదు, చివరికి మెలికలు తిరుగుతూ వణుకుతుంది. ఇది పాములకి మాత్రమే వచ్చే తంటా కాదు. 1930లలో మిన్నెసోటాలో చాస్టెక్ అనే ఆయన తన ఫారంలో నక్కలకి పచ్చి కార్ప్ చేపలు పెడితే అవి కాళ్లు పడిపోయి చచ్చిపోయాయి. ఆ జబ్బుకి చాస్టెక్ పక్షవాతం అనే పేరు అలాగే వచ్చింది. గ్రేట్ లేక్స్‌లో ఏల్‌వైఫ్ అనే చేపని తిని తిని ట్రౌట్, సాల్మన్ల పిల్లలు ఇదే లోపంతో చచ్చిపోవడం కూడా శాస్త్రవేత్తలు గమనించారు.

కాబట్టి గోల్డ్‌ఫిష్, కోయి, కార్ప్, ఫీడర్లుగా అమ్మే రోజీ రెడ్ మిన్నోలు, కిరాణా కొట్లో దొరికే స్మెల్ట్, హెర్రింగ్ పక్కన పెట్టేయండి. మన ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో దొరికే రోహు, కట్ల కూడా కార్ప్ కుటుంబానివే, వాటిని మనం పులుసు పెట్టుకోవడం మేలు. బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి మనకేం కాదు. ఫ్రీజ్ చేస్తే మాత్రం చావదు, ఇది చాలామంది పొరబడే సంగతి. నెత్తళ్ల జాతుల్లో కొన్నిట్లోనూ ఇది ఉంటుంది.

పెట్టదగ్గవి: ట్రౌట్, సాల్మన్, తిలాపియా. వీటిలోనూ రుచి చూసి కొనాల్సిన పని లేదు, ఉప్పూ మసాలా పట్టించని మామూలు పచ్చి ముక్క అయితే చాలు. ఫ్రీజర్లో కొన్నాళ్లు ఉంచి కరిగించినది అయితే పురుగుల భయం తగ్గుతుంది. ముక్కలో ముల్లు ఉండదు కాబట్టి మళ్లీ కాల్షియం లోటే. అందుకని చిన్న చేపని తలా తోకాతో పెట్టడం మంచిది, గప్పీలు దానికి బాగా సరిపోతాయి. గప్పీ, మాలీ, ప్లాటీ ఒకే గుంపు. మన మున్సిపాలిటీల వాళ్లు దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా కూడా ఆ కుటుంబమే. ఇవి గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కంటాయి, ఒక ఇరవై గ్యాలన్ల తొట్టిలో నాలుగైదు ఆడవి, రెండు మగవి వేస్తే కొన్ని నెలల్లో మీకు కొనే పనుండదు. షాపులో కొన్న ఫీడర్ చేపలు జబ్బులు మోసుకొస్తాయి, ఇంట్లో పెరిగినవాటితో ఆ బాధ తక్కువ.

గప్పీలని వెడల్పాటి పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు పోసి వదిలితే, గార్టర్ నోరు తెరిచి పక్కలకి ఊపుతూ నీళ్లని వెతుకుతుంది. పిల్లలకి ఇంతకన్నా నచ్చే దృశ్యం ఉండదు, పెద్దలకి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఇది వారానికోసారి వైవిధ్యం కోసం పెట్టేది. రోజూ చేపే పెట్టిన పాము రెట్ట వాసన గురించి నేను వర్ణించను. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి ఆ ఒక్క కారణం చాలు.

ఎలుకపిల్లలు

పోషకాల లెక్కలో ఎలుకకి సాటి లేదు. ఎముక, కాలేయం, కొవ్వు, అన్నీ ఒకే ముద్దలో ఉంటాయి, పైన ఏ పొడీ చల్లక్కర్లేదు. కడుపు నిండుగా ఉంటుంది కాబట్టి పెద్ద పాముకి వారం నుంచి పది రోజులకోసారి చాలు, రెట్ట తక్కువ, వాసన తక్కువ. వెంట్రుకలు రాని పసికూనని పింకీ అంటారు, నూగు వచ్చిన తర్వాత ఫజ్జీ. పింకీల్లో ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, పాము మింగగలిగే సైజుకి వచ్చాక ఫజ్జీలకి మారడం మేలు. పాము నడుం లావుకి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉన్నది సరైన కొలత.

బతికిన ఎలుకని మాత్రం వేయకండి. గార్టర్ కొండచిలువలా చుట్టి చంపదు, పట్టుకుని అలాగే మింగుతుంది. ఎదిగిన ఎలుకైతే ఆలోగా పాము కన్ను కొరికేస్తుంది. ఫ్రీజ్ చేసినవి అమ్ముతారు, అవే కొనండి. రాత్రి ఫ్రిజ్ కింద అరలో కరగనిచ్చి, పెట్టేముందు జిప్ సంచిలో వేసి వేడినీళ్లలో ముంచితే చాలు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దని అమెరికా ఆరోగ్య శాఖలు కూడా పదేపదే చెబుతాయి. ఫ్రీజ్ చేసిన ఎలుకల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బతికే ఉండొచ్చు, వాటి మూలంగా ఇళ్లలో జనానికి విరేచనాలు పట్టుకున్న సందర్భాలున్నాయి. వాటికి వేరే గిన్నె, వేరే కత్తెర, కుదిరితే గరాజ్‌లో ఒక చిన్న ఫ్రీజర్. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాముని, దాని తిండిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడంలో రాజీ పడకూడదు. వానపాములు పెట్టే ఇంటికీ ఇదే మాట, ఎందుకంటే సాల్మొనెల్లా పాము ఒంటి మీదా ఉండొచ్చు.

వానపాములకి అలవాటైన పాము మొదట్లో ఎలుకని ఎలుకగా గుర్తించదు. దానికొక కిటుకుంది. కరిగిన పింకీని కాగితంతో తుడిచి, తడి వానపాముతో ఒళ్లంతా రుద్ది, ఎర్ర ముక్కల మధ్య పెట్టండి. మింగే ఊపులో ఇదీ లోపలికి పోతుంది. తర్వాతి మేతల్లో ఎర్ర ముక్కలు తగ్గిస్తూ, రుద్దడమూ తగ్గిస్తూ పోవాలి. కొన్నిటికి రెండోసారికే అలవాటవుతుంది, కొన్ని నెలలు ఏడిపిస్తాయి. అసలు మారని మొండిఘటాలూ ఉంటాయి, వాటిని వానపాముల మీదే వదిలేయొచ్చు, నష్టం లేదు. పుట్టిన కొత్తలో పిల్లలు పెన్సిల్ కన్నా సన్నం, వాటికి పింకీ మొత్తం పట్టదు, ముక్కలు చేయాలి. ఆ పని చేయలేమనిపిస్తే అప్పటిదాకా ఎర్ర ముక్కలతో నడపండి.

ఎలుకతో ఒకటే ప్రమాదం, లావెక్కడం. పాము అడుగుతోంది కదా అని వారానికి మూడు పెడితే ఏడాది తిరిగేసరికి తోక మొదట్లో కొవ్వు ముడతలు పడతాయి. గార్టర్ ఎప్పుడూ ఆకలిగానే కనబడుతుంది, దాని మొహం చూసి పెట్టకూడదు.

మిగతావి

కప్పలు దానికి ఇష్టమే, కానీ పట్టి తెచ్చిన కప్ప పురుగుల మూట. ఆరెగాన్‌లో న్యూట్ అనే, బల్లిలా కనిపించే కప్పల చుట్టం ఒక రకం ఒంట్లో మనిషిని చంపేంత టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉన్నా అక్కడి గార్టర్లు దాన్ని తిని బతుకుతాయి. తరతరాలుగా ఆ విషానికి తట్టుకునేలా మారాయి. మీ బ్రీడర్ అమ్మిన పాముకి ఆ శక్తి ఉందని అనుకోకండి. చిమ్మెటలు, మీల్‌వర్మ్‌లు తినదు. చికెన్ ముక్క, బీఫ్ ముక్క ఎముక లేని మాంసం, వాటి మీద బతకదు. పాలు సంగతికొస్తే, నాగుల చవితికి పుట్టలో పోసినా ఇంట్లో గిన్నెలో పెట్టినా పాముకి అది అరిగే తిండి కాదు. నీళ్లు పెట్టండి.

ఏ ఇంటికి ఏది

శాకాహారపు ఇల్లు, పెద్దవాళ్లు ఉన్నారు, కానీ ఊరు వదిలి ఎక్కువగా వెళ్లరు. అలాంటి ఇంటికి ఈస్టర్న్ గార్టర్, నైట్‌క్రాలర్లు, కాల్షియం పొడి. వీటితో హాయిగా వెళ్లిపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు, తరచూ ప్రయాణాలు అయితే చెకర్డ్ గానీ ప్లెయిన్స్ గానీ తీసుకుని ఎలుకకి అలవాటు చేయడమే దారి. వెళ్లేముందు ఒక మేత పెడితే పది రోజులు ఆగుతుంది, నీళ్లు మార్చడానికి ఒకరికి తాళం ఇస్తే సరిపోతుంది. ఇంట్లో ఇదివరకే అక్వేరియం పిచ్చి ఉంటే గప్పీలు ఎలాగూ ఉంటాయి, వాటిని వారపు వంతుగా కలపండి. ఏ తిండి ఎంచుకున్నా రెండో తిండికి కూడా పాముని అలవాటు చేసి ఉంచడం మంచిది. చలికాలంలో కొట్లలో ఎర్రలు దొరకని వారాలుంటాయి.

రెండు పాములుంటే తిండి దగ్గర విడదీయండి. గార్టర్లు కలిసి ఉండగలవు, ఒకే రాయి కింద చుట్టలుగా పడుకుంటాయి కూడా. కానీ ఒకే ఎర్రని చెరో కొస పట్టుకుంటే ఎవరూ వదలరు. పెద్దది మింగుతూ మింగుతూ చిన్నదాని తల దాకా వచ్చేస్తుంది. మేత అయ్యేదాకా వేరే డబ్బాల్లో ఉంచి, మూతి వాసన పోయాక కలపండి. ఆడా మగా కలిపి ఉంచితే ఒక కాన్పుకి పది నుంచి నలభై దాకా పిల్లలు వస్తాయని, ఒక్కోసారి ఇంకా ఎక్కువని కూడా తెలుసుకునే కలపాలి. రెండూ ఆడవో, రెండూ మగవో అయితే ఆ తలనొప్పి ఉండదు. మగది రెండడుగులకి ఆగుతుంది, ఆడది మూడు దాకా పెరుగుతుంది, దానికి నలభై గ్యాలన్ల ట్యాంకు ఉంటే బాగుంటుంది.

తిండి అరగాలంటే వెచ్చదనం కావాలి. ట్యాంకులో ఒక కొస 85 నుంచి 90 ఫారెన్‌హీట్ దాకా, రెండో కొస 70, 75 మధ్య ఉంటే పాము తనకి కావాల్సిన చోటికి తనే జరుగుతుంది. నీటి పాము కదా అని అడుగంతా తడిగా ఉంచకండి, పొట్టకింద పొలుసుల మీద బొబ్బలు లేస్తాయి. ఆస్పెన్ అనే చెట్టు కలపతో చేసిన పొడి పొట్టు, ఒక గిన్నె నీళ్లు, ఒక దాక్కునే చోటు చాలు. దేవదారు, పైన్ పొట్టు వద్దు. మూత బిగువుగా ఉండాలి. తల పట్టే సందు ఉంటే ఒళ్లంతా పడుతుంది.

తిండి మానేస్తే కంగారు పడేముందు కళ్లు చూడండి. పాలపొర పట్టినట్టు నీలంగా ఉంటే కుబుసం విడిచే రోజులు, అది వదిలాక ఆవురావురుమంటూ తింటుంది. మగపాము వసంతంలో తిండి మీద ధ్యాస లేకుండా తిరుగుతుంది, శరదృతువు ముదిరాక చల్లటి గదిలో ఉన్న పాము కూడా తగ్గిస్తుంది. ఒళ్లు తగ్గకపోతే ఆగి చూడొచ్చు. పదేపదే కక్కుతుంటే, తల వంకరగా పెడుతుంటే, వెల్లకిలా వేస్తే తిరగలేకపోతే మాత్రం ఆగొద్దు. సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. ఇంతవరకు ఏ చేప పెట్టారో పేరుతో సహా చెప్పండి, ఎందుకంటే బి1 ఇంజెక్షన్ వేళకి పడితే చాలా పాములు కోలుకుంటాయి. వెళ్లేటప్పుడు తాజా రెట్ట కొంచెం మూతడబ్బాలో వేసి పట్టుకెళ్లండి, పురుగులున్నాయో లేదో అందులోనే చూస్తారు.